మత్తుకు వ్యతిరేకంగా కలిసి నడవడం: ఎవరితో, ఎవరి షరతుల మీద?

(హనుమకొండలో మహిళా సంఘాలు, మత్తు వ్యతిరేక కమిటీల సభ్యుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మత్తు చెడ్డదన్న మాటకు ఈ సభలో ఎదురు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. మహిళా సంఘాల వాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, కాలేజీ అధ్యాపకులు, గీత కార్మికులు, ఎక్సైజ్ అధికారులు, విద్యార్థులు ఒకే చోట కూర్చోగలిగారంటే కారణం అదే. కానీ ఎవరూ కాదనలేని మాట చుట్టూ కట్టిన ఐక్యత చాలా పలచగా ఉంటుంది. పని మొదలుపెట్టిన రోజునే అది ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి, ఏ షాపు మూయాలి, ఎవరి ఇంట్లో సోదా చెయ్యాలి అన్న ప్రశ్నలు రాగానే మనం ఒక్కటి కాదని తెలిసిపోతుంది. ఆ పగుళ్ళ గురించి ముందే మాట్లాడుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మనకు ఇందులో గొప్ప అనుభవం ఉంది. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం గురించి మీలో చాలామంది వినే ఉంటారు, కొందరు పాల్గొని కూడా ఉంటారు. నేను అప్పటికి బడిపిల్లను. నాకు తెలిసింది తర్వాత చదివిన నివేదికల వల్ల, ఆనాటి కార్యకర్తలతో మాట్లాడడం వల్ల. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక, ఊరూరా వలంటీర్లు కలిసి చేసిన పని అది. రాత్రిపూట కూలి నుంచి వచ్చాక ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని చదువుకున్న వాచకాల్లో సారా వల్ల చితికిపోయిన ఇంటి గురించి, ఆడవాళ్ళు ఏకమైతే ఏం చెయ్యగలరో దాని గురించి పాఠాలు ఉండేవి. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు సారా కొట్టు మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 2016లో ఆమె చనిపోయినప్పుడు పత్రికలు మళ్ళీ ఒకసారి గుర్తుచేసుకున్నాయి. దూబగుంట కథ ఇతర ఊళ్ళకు పాకింది. చీపుర్లూ కారంపొడీ పట్టుకుని కొట్ల ముందు కూర్చున్నారు. సారా పాకెట్లు తగలబెట్టారు. తాగి వచ్చిన మగవాడికి అన్నం వండబోమన్నారు. 1992లో జిల్లా కేంద్రంలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, అవి పదే పదే వాయిదా పడ్డాయి.

చదువు ఒక్కటే ఈ ఉద్యమాన్ని పుట్టించిందని అనడం సగం నిజం. చదువు వాళ్ళకు కలిసి కూర్చునే చోటు ఇచ్చింది. ఒకే వాడలో ఉంటూ కూడా ఎవరి దెబ్బలు వాళ్ళు దాచుకున్న ఆడవాళ్ళు, రాత్రి బడిలో తమ బాధ తమ ఒక్కరిదే కాదని తెలుసుకున్నారు. కోపం మాత్రం అంతకుముందు నుంచే ఉంది. ఒకపక్క ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది, మరోపక్క వారుణి వాహిని పేరుతో సారాను పాకెట్లలో నింపి గడప దాకా పంపింది. అంతకుముందు తాగాలంటే ఊరవతలకు పోవాలి. పాకెట్ వచ్చాక సారా పొలం గట్టుకూ ఇంటి చూరు కిందకూ వచ్చేసింది. ఎక్సైజ్ ఆదాయం 1970-71లో 39 కోట్లు ఉన్నది 1991-92కు 812 కోట్లు అయింది. ఆ డబ్బు ఎవరి కూలి నుంచి వచ్చిందో ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక ఉద్యమం పెద్దదైంది. ఎవరెవరు వచ్చి చేరారో చూడండి. వామపక్షాలు వచ్చాయి, స్త్రీ సంఘాలు వచ్చాయి, గాంధేయవాదులు వచ్చారు, ప్రతిపక్ష పార్టీ వచ్చింది, ఈనాడు పత్రిక రోజూ ఒక పేజీ కేటాయించింది. ఇంత విశాలమైన ఐక్యత లేకపోతే ఉద్యమం గెలిచేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వచ్చిన ప్రతివాళ్ళూ తమ కలను వెంటతెచ్చుకున్నారు. ఒకరికది నైతిక పరిశుద్ధి. ఇంకొకరికి కాంట్రాక్టర్ల మీద వర్గపోరాటం. మరొకరికి రాబోయే ఎన్నికలు. పత్రికలకు ఆ కూలిస్త్రీ శక్తి స్వరూపిణి అయింది, దుర్గ అయింది. ఆ స్త్రీలు మొదట అడిగింది మాత్రం చాలా మామూలు సంగతి: మా ఊళ్ళో సారా కొట్టు వద్దు, కూలి డబ్బు ఇంటికి రావాలి, రాత్రిపూట దెబ్బలు ఉండకూడదు. లోకంలో ఎవరూ ఏదీ తాగకూడదని వాళ్ళు అనలేదు. సూసీ తారు, తేజస్వినీ నిరంజన 1994లో రాసిన వ్యాసంలోనూ, అన్వేషి బృందం 1993 నాటి అధ్యయనంలోనూ ఈ తేడాను పట్టి చూపారు. దళిత, వెనకబడిన కులాల కూలిస్త్రీలు ఒక నిర్దిష్టమైన రాజకీయ ప్రశ్న వేశారు. దాన్ని మిగిలినవాళ్ళు మంచీచెడుల ప్రశ్నగా మార్చేశారు.

మన జిల్లాల సంగతి వేరు. నెల్లూరు స్త్రీలు వేలంపాటలు ఆపుతున్న ఆ సంవత్సరాల్లోనే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పీపుల్స్ వార్ సారా నిషేధం పెట్టింది. దాన్ని ఓడించడానికి పోలీసు కాపలా పెట్టి మరీ సారా అమ్మించడం ఆనాటి పౌరహక్కుల నివేదికల్లోకి ఎక్కింది. ఒక ప్రభుత్వం తన ప్రజల చేత తుపాకీ నీడలో తాగించడం కంటే సిగ్గుచేటు ఏముంటుంది? ఇక్కడి ఆడవాళ్ళు ఆ నిషేధాన్ని కోరుకున్నారు, దానివల్ల ఊపిరి పీల్చుకున్నారు. అయితే నిర్ణయం వాళ్ళ చేతుల్లో లేదు. అటు దళం, ఇటు పోలీసులు. ఆడవాళ్ళ కోరిక ఇద్దరి యుద్ధంలో ఒక ఆయుధమైంది. నెల్లూరులో ఆడవాళ్ళు తమ ఊరి మగవాళ్ళతో, కాంట్రాక్టరుతో, కలెక్టరుతో స్వయంగా తలపడ్డారు. ఈ తేడా మన జిల్లాలో తర్వాత జరిగినదాని మీద కూడా ప్రభావం చూపిందని నేననుకుంటాను. నిషేధం ఎవరో వచ్చి పెట్టేది, ఎవరో వచ్చి ఎత్తేసేది అన్న భావం ఇక్కడ బలంగా నాటుకుంది.

తర్వాతి కథ మీకు తెలుసు. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్‌లోనూ, రాష్ట్రమంతటా 1993 అక్టోబరు 1 నుంచీ సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ప్రమాణం చేస్తూనే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరిలో అది అమలుకొచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సడలించింది. దొంగసారా పెరిగిందన్నారు, పొరుగు రాష్ట్రాల నుంచి వస్తోందన్నారు, ఖజానా ఖాళీ అయిందన్నారు. అందులో అబద్ధం లేదు. కానీ ఎత్తేసేటప్పుడు ఏ ఊరి ఆడవాళ్ళనూ అడగలేదు. అడగాల్సిన బాధ్యత చట్టంలో ఎక్కడా రాయలేదు కాబట్టి అడగలేదు. ఐక్యవేదిక అంతా కలిసి నిషేధం సాధించింది గానీ, ఊరికి ఆ విషయం మీద శాశ్వతమైన హక్కు సాధించలేదు. సారా మానేసిన డబ్బు రోజుకు రూపాయి చొప్పున దాచుకోమంటూ నెల్లూరులో మొదలైన పొదుపు ఉద్యమం మిగిలింది. అది డ్వాక్రాలోకి, తర్వాత బ్యాంకు లింకేజీల్లోకి వెళ్ళింది. అప్పు వాయిదా కట్టిందా లేదా అని సంఘం మీటింగులో అడుగుతారు. బెల్టు షాపు సంగతి ఎజెండాలో ఉండదు.

ఇప్పటి లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 43 మంది మద్యం తాగుతారు. దేశంలో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత మనదే ఎక్కువ. 2023లో రాష్ట్రంలోని 2,620 మద్యం షాపుల కోసం 1 లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, తిరిగి ఇవ్వరు. అంటే షాపులు తెరవకముందే, ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లకు పైగా వచ్చింది. 2025లో ఆ ఫీజును 3 లక్షలు చేశారు. రూపాయి విలువ పడిపోయిన మాట నిజమే. అయినా ఉమ్మడి రాష్ట్రం మొత్తానికీ ఏడాదికి 812 కోట్లు అంటే ఒకప్పుడు జనం నివ్వెరపోయారు. కాబట్టి మత్తు వ్యతిరేక కమిటీలో ఎక్సైజ్ అధికారి మన పక్కన కూర్చున్నప్పుడు ఆయన మంచివాడా కాదా అన్నది ప్రశ్న కాదు. ఆయన శాఖకు రెండు పనులున్నాయి, అమ్మకం పెంచడం, దొంగసారా పట్టుకోవడం. రెండో పనికి మాత్రమే మన సాయం అడుగుతారు. ఊళ్ళో పర్మిట్ రూం ఎందుకు, బడి దగ్గర షాపు ఎందుకు, కిరాణా కొట్టులో బెల్టు షాపు ఎందుకు అని అడిగితే మాట మారుస్తారు.

ఇక్కడ గుడుంబా గురించి చెప్పాలి. వరంగల్‌లో కూర్చుని గుడుంబా గురించి మాట్లాడకపోవడం కుదరదు.

నల్లబెల్లం, పటిక, నవసారం. పానకం నానబెట్టడం, బట్టీ పెట్టడం. నర్సంపేట, మహబూబాబాద్ వైపు తండాల్లో ఈ పని ఎవరు చేస్తున్నారో నేను సర్వేల కోసం తిరిగినప్పుడు చూశాను. ఎక్కువ చోట్ల ఆడవాళ్ళే. కొందరు ఒంటరి స్త్రీలు, కొందరి భర్తలు ఆ గుడుంబా తాగే చనిపోయారు. ఎకరం అరెకరం వర్షాధారం భూమి, పత్తి మీద అప్పు, ఏడాదికి కొన్ని నెలలే కూలి. బట్టీ ఇంట్లోనే పెట్టొచ్చు, పిల్లల్ని చూసుకుంటూ చెయ్యొచ్చు. దాడి జరిగితే పట్టుబడేది ఆమే, ఎందుకంటే ఇంట్లో ఉండేది ఆమే. బెల్లం లారీలకొద్దీ తెప్పించి అప్పుమీద ఇచ్చే వ్యాపారి దాడి రోజున తండాలో ఉండడు. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, మనం పీడీ యాక్ట్ అంటామే, అందులో బూట్‌లెగర్ అనే మాట ఉంది. ఆ చట్టం కింద విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచవచ్చు. మన సంఘాల వాళ్ళు తండాకు వెళ్ళి కుండలు పగలగొట్టి ఫొటో దిగినప్పుడు పగిలేది ఎవరి బతుకో ఆలోచించాలి. తాగినవాడి భార్యా, కాచిన ఆడమనిషీ ఇద్దరూ స్త్రీలే. చాలాసార్లు ఇద్దరూ ఒకే మనిషి.

ఈ విషయం మీద మన సంఘాల్లో గట్టి వాదనలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. వాళ్ళు మన మొగుళ్ళను చంపుతున్నారు, జాలి ఎందుకు అని అడిగే అక్కలను నేను తప్పుపట్టలేను. ఆ గుడుంబా నిజంగానే మనుషుల్ని చంపింది. కానీ 2015 తర్వాత గుడుంబా రహిత జిల్లాల పేరుతో పెద్ద ఎత్తున దాడులు జరిగాక ప్రభుత్వమే ఒక సంగతి ఒప్పుకుంది. కాయడం మానేసిన కుటుంబాలకు పునరావాసంగా 2 లక్షల రూపాయల విలువైన సాయం ప్రకటించింది. అంటే ఇది నేరం మాత్రమే కాదు, జీవనోపాధి సమస్య కూడా అని గుర్తించినట్టే. ఆ సాయం ఎవరికి అందింది, ఎవరి పేర్లు జాబితాలో లేవు, బర్రె ఇచ్చారా, కుట్టుమిషన్ ఇచ్చారా, అది ఇవాళ ఉందా అని తండాతండాకూ వెళ్ళి లెక్క తియ్యడం మన ఐక్యవేదిక మొదటి పని కావాలి. కుండలు పగలగొట్టడం కంటే అది కష్టమైన పని. పేపర్లో ఫొటో రాదు.

ములుగు వైపు కోయల ఇప్పసారాను కూడా ఇదే గాటన కట్టకూడదు. పండుగకూ చావుకూ దేవర కొలుపుకూ ఇప్పసారా వాళ్ళ ఆచారంలో భాగం. నల్లబెల్లం వ్యాపారం అలాంటిది కాదు. మేడారం జాతరలో అమ్మవార్లకు బంగారమని సమర్పించే బెల్లం కొనడానికి కూడా 2024లో ఆధార్ అడిగారు. గుడుంబా మీద నిఘా చివరికి భక్తురాలి సంచీ దాకా వచ్చింది.

మహిళల డిమాండుతో వచ్చిన నిషేధం మహిళల మీదే ఎలా తిరగబడుతుందో బీహార్‌ను చూస్తే తెలుస్తుంది. 2015 జూలైలో పట్నాలో జీవిక సంఘాల స్త్రీలు అడిగితే ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ మాట ఇచ్చారు, 2016 ఏప్రిల్‌లో సంపూర్ణ నిషేధం వచ్చింది. అదే ఏడాది చేసిన చట్టంలో ఇంట్లో సీసా దొరికితే ఇంట్లోని పెద్దవాళ్ళందరినీ బాధ్యులను చేసే నిబంధన పెట్టారు. తాగినవాడి భార్య, తల్లి కూడా ముద్దాయిలే! 2018లో దాన్ని సవరించారు. జైళ్ళూ కోర్టులూ ఆ కేసులతో నిండిపోయాయి. 2021 డిసెంబరులో విజయవాడలో మాట్లాడుతూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, ముందుచూపు లేకుండా చట్టాలు చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ చట్టాన్నే ఉదాహరణగా చూపారు. ఎక్కువగా జైలుకు పోయింది పేదలు, దళితులు.

దగ్గరలోనే ఇంకో దారి కూడా ఉంది. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ. అది గడ్చిరోలి జిల్లా. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు, ఆదివాసీ గ్రామాలు, అనేక సంఘాలు కలిసి చేసిన ఉద్యమం ఫలితంగా 1993లో జిల్లా అంతటా మద్యం నిషేధించారు. నిషేధంతో పని అయిపోలేదని వాళ్ళకు అర్థమైంది. 2016లో ముక్తిపథ్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థ, గ్రామ కమిటీలు కలిసి మద్యంతో పాటు పొగాకు మీద కూడా పనిచేస్తున్నాయి. ఊరి తీర్మానం, తాగుడు మానాలనుకునే వాళ్ళకు ఊళ్ళోనే శిబిరాలు, తాలూకాలో చికిత్స, అన్నీ ఒకే పనిలో భాగాలు. మహారాష్ట్రలోనే ఇంకో పద్ధతి ఉంది. ఒక వార్డులోనో ఊళ్ళోనో ఓటర్లయిన స్త్రీలలో నాలుగో వంతు మంది సంతకాలు పెడితే ఓటింగు జరపాలి. బ్యాలెట్ మీద నిలబడ్డ సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలు ఉంటాయి. సగం మందికి పైగా పడుకోబెట్టిన సీసాకు ఓటేస్తే షాపు మూయాలి. ఇందులో లోపాలు లేకపోలేదు, మూసిన షాపు పక్క ఊళ్ళో తెరుస్తారు. కానీ చదువురాని స్త్రీ కూడా గుర్తుపట్టగల బొమ్మ మీద, రహస్యంగా, మొగుడికి తెలియకుండా తన నిర్ణయం చెప్పే హక్కు అది. 1993లో మనం సాధించకుండా వదిలేసింది అలాంటి హక్కునే.

మనకు అసలేమీ లేదని కాదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించడం, నియంత్రించడం మీద గ్రామసభకు అధికారం ఇచ్చింది. ఏటూరునాగారం, తాడ్వాయి ప్రాంతాల మిత్రులు ఆ గ్రామసభ నిజంగా జరిగిందా, ఎంతమంది ఆడవాళ్ళు సంతకం పెట్టారు, తీర్మానం పుస్తకంలో ఏం రాశారు అని చూడాలి. మైదాన ప్రాంతాల్లో అలాంటి హక్కు కోసం పోరాడాలి. ఈమధ్య చాలా ఊళ్ళు బెల్టు షాపులు బంద్ చేస్తూ తీర్మానాలు చేసుకుంటున్నాయి, అమ్మితే జరిమానా వేస్తున్నాయి. సంతోషమే. కానీ ఉత్తర తెలంగాణలో కొన్ని ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలే బెల్టు షాపును వేలం వేసి ఆ డబ్బు గుడికీ రోడ్డుకూ వాడుకున్న వార్తలు కూడా చదివాం. ఆ కమిటీలు కూడా ఊరి ఐక్యతే! ఆడవాళ్ళు లేని ఐక్యత.

గంజాయి వచ్చాక పరిస్థితి మారింది. ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా వచ్చే సరుకుకు మన జిల్లాలు దారి అయ్యాయి. 2023లో నార్కోటిక్స్ బ్యూరో పెట్టారు, 2025లో దాన్నే ఈగల్ అన్నారు. కాలేజీల్లో యాంటీ డ్రగ్ కమిటీలు వేశారు. వీటిలో మనం చేరాలి, దూరంగా ఉండకూడదు. కానీ చేరాక రెండు విషయాల్లో పట్టుబట్టాలి. ఒకటి, కొడుకు గంజాయికి అలవాటుపడితే ప్రతి సభలోనూ తల్లి పెంపకం గురించే మాట్లాడతారు. నాన్న రోజూ క్వార్టర్ తెచ్చుకుని ఆ పిల్లాడి చేతే నీళ్ళు పోయించుకున్న ఇంట్లో కూడా తప్పు తల్లిదే. రెండోది, డ్రగ్స్ పేరు చెప్పి హాస్టల్లో మొట్టమొదట కుదించేది ఆడపిల్లల గేటు వేళలు. అబ్బాయిల హాస్టల్ బయట గంజాయి అమ్మితే అమ్మాయిలు ఆరింటికే లోపలికి రావాలట! ఈ లాజిక్ నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తాగుడు ఆగితే హింస ఆగుతుందని మన పోస్టర్ల మీద రాస్తాం. అది జాగ్రత్తగా వాడాల్సిన మాట. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో, తరచూ తాగి వచ్చే భర్తలున్న స్త్రీలలో మూడింట రెండు వంతుల మంది హింసకు గురయ్యామన్నారు. అసలు తాగని భర్తలున్న స్త్రీలలో కూడా ఇంచుమించు నాలుగో వంతు మంది అదే చెప్పారు. మందు చెయ్యెత్తడానికి ధైర్యం ఇస్తుంది, ఎత్తే హక్కు తనకుందన్న నమ్మకం మాత్రం సీసాలోంచి రాలేదు. తాగినవాడిని నిందించి మగవాడిని వదిలేసే ఐక్యత మనకు వద్దు.

చికిత్స విషయం కమిటీల్లో చివరన, టీ వచ్చాక మాట్లాడతారు. అది మొదట రావాలి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో షాపులన్నీ ఒక్కసారిగా మూసినప్పుడు ఏమైందో గుర్తుందా? ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు జనం బారులు తీరారు. వణుకు, ఫిట్స్, మతి తప్పడం. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ ఉన్నట్టుండి ఆపితే మనిషి ప్రాణం మీదకు వస్తుంది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో ఆ కల్తీ కల్లే పలువురి ప్రాణాలు తీసింది. గీత కార్మిక సోదరులు మనతో ఉండాల్సింది ఇందుకే. చెట్టు కల్లు తీసే మనిషికీ, మందు కలిపే డిపో యజమానికీ తేడా వాళ్ళే తేల్చి చెప్పాలి. ఊళ్ళో షాపు మూయించే తీర్మానం చేసిన రోజే, రేపు వణుకు మొదలయ్యేవాళ్ళు ఎవరో ఆశా కార్యకర్త దగ్గర జాబితా ఉండాలి, ఆసుపత్రిలో పడక మాట్లాడి పెట్టుకోవాలి. 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి. మన రాష్ట్రంలో నూటికి దాదాపు ఏడుగురు స్త్రీలు కూడా తాగుతారు. నాట్ల దగ్గర నడుం నొప్పికి మొదలుపెట్టినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు చికిత్సకు రావాలంటే ఆడవాళ్ళకు విడిగా పడకలు, చంటిపిల్లల్ని చూసే మనిషి కావాలి. ఇంతవరకూ ఏ కమిటీ మినిట్స్‌లోనూ నేను ఆ మాట చూడలేదు.

మీటింగు వేళ గురించి ఒక మాట చెప్పి కూర్చుంటాను. జిల్లా కమిటీలు పొద్దున పదకొండు గంటలకు కలెక్టరేట్‌లో జరుగుతాయి. కూలికి పోయే మనిషి ఆ వేళకు రాలేదు, వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఊరి కమిటీ మీటింగు చీకటి పడ్డాక, ఊళ్ళోనే పెట్టాలని, జిల్లా మీటింగుకు వచ్చే స్త్రీలకు ఆ రోజు కూలీ బస్సు చార్జీలూ కమిటీ ఖర్చు కింద ఇవ్వాలని తీర్మానం రాసి తెచ్చాను. కాచే పని మానేసిన తండా స్త్రీలకు ప్రతి మండల కమిటీలో కనీసం ఇద్దరికి చోటు ఉండాలని రెండో తీర్మానం. దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. మధ్యాహ్నం చర్చలో వాళ్ళే ముందు మాట్లాడితే బాగుంటుంది.